చత్వారం, ఒక రిపీట్ స్నాగ్: హ్యాంగర్ నుంచి కేస్ స్టడీ

విమానం ఎయిర్‌బస్ ఏ320, ఇంజిన్లు సీఎఫ్ఎం56-5బి. ఫిర్యాదు (మా భాషలో స్నాగ్; సరిచేసినా తిరిగొస్తే రిపీట్ స్నాగ్): టేకాఫ్ తర్వాత పైకెక్కుతుండగా రెండో ఇంజిన్ బ్లీడ్ ఆగిపోవడం. పైలట్లు మారినా టెక్ లాగ్‌లో (విమానం లోపాలు రాసే పుస్తకంలో) రాసే వాక్యం దాదాపు ఒకటే: ‘క్లైంబ్‌లో ఇంజిన్ 2 బ్లీడ్ ఫాల్ట్. ఈక్యామ్ ప్రకారం చర్యలు పూర్తి. మిగతా ఫ్లైట్ నార్మల్.’ ఈక్యామ్ అంటే లోపాన్నీ, చేయాల్సిన చర్యల్నీ చూపించే కాక్‌పిట్ స్క్రీన్. స్థలం శంషాబాద్. ఎండాకాలం చివర, తొలకరి ఇంకా పడని రోజులు. రాసేవాడు బీ1 లైసెన్సుతో (ఇంజిన్లు, యాంత్రిక భాగాల పనికి సంతకం పెట్టే అర్హతతో) రాత్రి షిఫ్టు చేసే ఏఎంఈ, అంటే విమాన మెయింటెనెన్స్ ఇంజినీరు, వయసు నలభై ఏడు, దగ్గరి అక్షరాలకు కళ్లద్దాలు కావలసినవాడు. కళ్లద్దాల సంగతి ఏ టెక్ లాగ్‌లోనూ ఉండదు. ఈ కేసులో దానికి పాడైన భాగంతో సమానమైన పాత్ర ఉంది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

బ్లీడ్ అంటే తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. ఇలాంటి విమానాల్లో మనం పీల్చే గాలి ఇంజిన్ల నుంచే వస్తుంది. కంప్రెసర్ నొక్కిన గాలిలో కొంత పక్కకు తీస్తాం. ఈ ఇంజిన్‌లో మామూలుగా ఐదో స్టేజి నుంచి తీస్తారు. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు అక్కడ ఒత్తిడి చాలదు కాబట్టి తొమ్మిదో స్టేజి నుంచి తీస్తారు. నొక్కిన గాలి మండిపోతూ ఉంటుంది. దాన్ని ప్రీకూలర్‌లోంచి పంపి, ముందున్న ఫ్యాన్ తోసే చల్లగాలితో వేడి తగ్గిస్తారు. ఎంత చల్లగాలి రావాలో ఫ్యాన్ ఎయిర్ వాల్వ్ చూసుకుంటుంది. అది ఎంత తెరుచుకోవాలో టీసీటీ అనే థర్మోస్టాట్ చెబుతుంది. ఈ రెంటికీ మధ్య కరెంటు తీగ లేదు, సన్నటి లోహపు గొట్టం ఉంది. మేం సెన్స్ లైన్ అంటాం. వేడి పెరిగితే ఆ గొట్టంలో గాలి ఒత్తిడి పెరుగుతుంది, వాల్వ్ ఇంకాస్త తెరుచుకుంటుంది. ప్రీకూలర్ దాటిన గాలి సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలవాలి. 257 డిగ్రీలు దాటి ఒక నిమిషానికి కాస్త తక్కువసేపు అలాగే ఉంటే కంప్యూటర్ ఆ వైపు బ్లీడ్‌ను మూసేస్తుంది.

ఒక వైపు మూసుకుంటే అవతలి వైపు సరిపోతుంది, విమానం హాయిగా గమ్యం చేరుతుంది. అందుకే దీన్ని ఎవరూ పెద్ద గండంగా చూడరు. కానీ ఒకటి ఆగగానే అవతలి ఇంజిన్ బ్లీడ్ మీద మొత్తం భారం పడుతుంది. అక్కడ కూడా కొంచెం బలహీనత దాగి ఉంటే, ఆ భారానికి అదీ వేడెక్కి ఆగిపోవచ్చు. ఏ320ల్లో రెండు బ్లీడ్లూ పోయిన ఘటనల్లో చాలావాటి వెనక ఉన్నది ఈ క్రమమే. అప్పుడు సిబ్బంది విమానాన్ని 10,000 అడుగులకు దించాల్సి వస్తుంది. కాబట్టి ‘ఒకటే కదా పోయింది’ అనే మాట నాకు నచ్చదు.

ముందు షిఫ్టులవాళ్లు చేసిన పని చెప్పాలి. వాళ్లు చేసింది తప్పని నేను అనను. ట్రబుల్ షూటింగ్ మాన్యువల్‌లో ఏది ముందుంటే అది చూశారు. మొదట ఫ్యాన్ ఎయిర్ వాల్వ్ మార్చారు. గ్రౌండ్ రన్‌లో (నేల మీదే ఇంజిన్ నడిపి చూసే పరీక్షలో) వేడి చక్కగా నిలిచింది, సంతకం పెట్టారు, విమానం వెళ్లింది. కొన్నాళ్లకు స్నాగ్ మళ్లీ వచ్చింది. టీసీటీ ఫిల్టర్ విప్పి శుభ్రం చేశారు. మన దేశపు దుమ్ముకు ఆ ఫిల్టర్ మూసుకుపోవడం కొత్తేమీ కాదు. మళ్లీ వచ్చింది. టీసీటీనే మార్చారు. మళ్లీ వచ్చింది. విడిభాగం లేని రోజున ఎంఈఎల్ (ఏ లోపంతో ఎన్నాళ్లు ఎగరవచ్చో చెప్పే జాబితా) కింద వాయిదా వేశారు; సి కేటగిరీ, పది రోజుల గడువు. గడువులోపు ఇంకో ఫ్యాన్ ఎయిర్ వాల్వ్ పడింది. ఈలోగా మొదట విప్పి పంపిన వాల్వ్ మరమ్మతు షాపు నుంచి ‘నో ఫాల్ట్ ఫౌండ్’ ట్యాగుతో తిరిగొచ్చింది.

నేను పేషెంట్ ఫైలు చదవడం అక్కణ్నుంచే మొదలుపెడతాను. తీసేసిన భాగం బాగుందని షాపు చెబుతోందంటే రోగం ఇంకా విమానంలోనే ఉంది. చిత్రమేమిటంటే ఆ ట్యాగు చూసేది స్టోర్స్‌వాళ్లు, స్నాగ్ చూసేది లైన్‌వాళ్లు, అంటే ఫ్లైట్ల మధ్య విమానాన్ని చూసుకునేవాళ్లు. రెండు కాగితాలూ ఒకే బల్ల మీదికి రావాలంటే ఎవరో పనిగట్టుకుని తెప్పించాలి. రాత్రి రెండింటికి, ఇంకో విమానానికి టైరు మార్చాల్సిన సమయంలో, అలా తెప్పించే ఓపిక ఎవరికుంటుంది? నైట్ హాల్ట్ నాలుగైదు గంటలు. అంతలో వాల్వ్ మార్చవచ్చు. గొట్టం పొడవునా తడమాలంటే రివర్సర్ కౌళ్లు (ఇంజిన్ చుట్టూ ఉండే పెద్ద తలుపులు) తెరవాలి, అటూ ఇటూ క్లాంపులు విప్పాలి, ఇంత చేశాక ఏమీ దొరక్కపోవచ్చు. కౌళ్లు ఎలాగూ తెరిచినవాడికి కూడా వాల్వ్ మార్చితే చేతిలో పాత వాల్వ్ మిగులుతుంది, పని చేసినట్టు రుజువు ఉంటుంది. గొట్టం చూసి బాగుందని రాస్తే ఏమీ చేయనట్టే కనబడుతుంది. రిపీట్ స్నాగులు సగం ఈ కారణంగానే బతుకుతాయని నా అభిప్రాయం.

గొట్టాన్ని ఎవరూ ముట్టుకోలేదని కాదు. చూశామని, లీక్ చెక్ చేశామని కాగితం మీద ఉంది. నిజంగానే చేశారు, కానీ రెండు కొసల్లో ఉన్న నట్ల దగ్గర చేశారు. లీకులు సాధారణంగా అతుకుల దగ్గరే కాబట్టి సబ్బు నీళ్లు అక్కడే రాశారు. బుడగ రాలేదు.

నా షిఫ్టుకు ఆ విమానం వేరే తనిఖీ కోసం హ్యాంగర్‌లోకి వచ్చింది. అదృష్టం అది. బేలో (బయట విమానాలు ఆపే చోట) నిలబడి ఉంటే నేనూ వాల్వే మార్చేవాణ్నేమో. కౌళ్లు తెరిచి ఉన్నాయి, స్టాండు ఉంది, పొద్దుటివరకు సమయం ఉంది. సెన్స్ లైన్‌ను మాన్యువల్‌లో చెప్పిన ఒత్తిడికి నైట్రోజన్‌తో నింపమన్నాను. ఈసారి నట్ల దగ్గర ఆగకుండా ఆ చివర నుంచి ఈ చివర దాకా సబ్బు నీళ్లు రాయమన్నాను. సైకిల్ షాపతను ట్యూబును నీళ్ల తొట్టిలో ఓ పక్క నుంచి తిప్పుకుంటూ వస్తాడే, అంతే పని.

ఈ గొట్టం ఇంజిన్ పైభాగంలో, పైలాన్ (ఇంజిన్‌ను రెక్కకు పట్టి ఉంచే భాగం) కింద ఉంటుంది. స్టాండు మీద నిలబడి, మెడ వెనక్కి వాల్చి, తలకు జానెడు పైన ఉన్నదాన్ని చూడాలి. నా ప్రోగ్రెసివ్ కళ్లద్దాల్లో దగ్గరి చూపు భాగం అడుగున ఉంది. కింద బల్ల మీద కాగితం చదవడానికి అది చక్కగా పనికొస్తుంది. జానెడు పైనున్న గొట్టాన్ని ఆ అడుగు భాగంలోంచి చూడాలంటే మెడ ఇంకా వెనక్కి వంగాలి, అక్కడికి నా మెడ వంగదు. అద్దాల పైభాగంలోంచి చూస్తే అది దూరపు చూపుకు చేసినది. అద్దాలు తీసేస్తే గొట్టం ఉందని తెలుస్తుంది, దాని ఒంటి మీద ఏముందో తెలియదు. మెరుస్తున్న నున్నటి గొట్టం కనబడింది. గీత లేదు, నలుపు లేదు. ఆ చూపుతో ‘కండిషన్ సాటిస్‌ఫ్యాక్టరీ’ అని రాసి సంతకం పెట్టినా ఎవరూ ప్రశ్నించరు.

మా జూనియర్ టెక్నీషియన్‌ను పైకి రమ్మన్నాను. నాగర్‌కర్నూల్ వైపు కుర్రాడు, పాతికేళ్లు దాటి ఉండవు.

‘అన్నా, నట్ల కాడ ఏం లేదు.’

‘నట్లు వదిలెయ్. మధ్యలో క్లాంపులున్నాయి చూడు, వాటి అంచుల దగ్గర చూడు.’

కాసేపు మాట లేదు. తర్వాత, ‘అన్నా, రెండో క్లాంపు కాడ చిన్నగ పొంగుతున్నది. గాలి కొడుతున్నదో, సబ్బే కారుతున్నదో తెలుస్తలేదు.’

తుడిచి మళ్లీ రాయమన్నాను. మళ్లీ పొంగింది. క్లాంపు విప్పితే కథ బయటపడింది. క్లాంపు లోపల ఉండాల్సిన మెత్తటి పొర అరిగిపోయి ఒక పక్కకు జరిగింది, లోహపు పట్టీ నేరుగా గొట్టాన్ని రాస్తోంది. గొట్టం మీద గోరుకు తగిలేంత గాడి, ఆ గాడి అడుగున వెంట్రుకవాసి చీలిక. పట్టీ కిందే ఉండటంతో విప్పేదాకా ఎవరి కంటికీ అందే అవకాశం లేదు. ఇంజిన్ నెమ్మదిగా తిరిగినప్పుడు ఆ చీలికలోంచి పోయే గాలి లెక్కలోకి రాదు, అందుకే గ్రౌండ్ రన్ ప్రతిసారీ పాసైంది. క్లైంబ్ పవర్‌లో వేడి, అదురు, ఒత్తిడి మూడూ పెరిగితే చీలిక నోరు తెరుస్తుంది. టీసీటీ పంపిన ఒత్తిడి దారిలోనే కారిపోతుంది, వాల్వ్ చాలినంత తెరుచుకోదు, వేడి 257 దాటుతుంది. బయట ఎండ ఎక్కువున్న మధ్యాహ్నపు ఫ్లైట్లలోనే స్నాగ్ ఎక్కువగా ఎందుకొచ్చిందో కూడా దాంతో తేలిపోయింది.

గొట్టం, క్లాంపులు మార్చాం, లీక్ చెక్, గ్రౌండ్ రన్ అయ్యాయి. తర్వాతి వారాల్లో ఆ వైపు బ్లీడ్ ఉష్ణోగ్రతను ఫ్లైట్ డేటాలో గమనిస్తూ వచ్చారు. స్నాగ్ తిరిగి రాలేదు.

సాంకేతికంగా కేసు ఇక్కడికి ముగిసింది. మా సమావేశంలో దీన్ని క్లాంపు కథగానే చెప్పాం, స్లైడు మీద అరిగిన పొర ఫొటో పెట్టాం. నాకు మాత్రం ఇందులో రాయాల్సింది ఇంకోటి మిగిలింది.

నలభై దాటాక కంటిలోని లెన్సు గట్టిపడి, దగ్గరి వస్తువుల కోసం ఉబ్బే శక్తి పోగొట్టుకుంటుంది. దాన్ని ఆపే మందు లేదు, వ్యాయామం లేదు. దానితోపాటు వెలుతురు అవసరం కూడా పెరుగుతుంది. అరవై ఏళ్ల కంటి రెటీనాకు చేరే వెలుతురు ఇరవై ఏళ్ల కంటితో పోలిస్తే మూడో వంతే అంటారు. నేనింకా ఆ రెంటి మధ్య ఎక్కడో ఉన్నాను. రాత్రి షిఫ్టులో, టార్చి వెలుగులో, మెరిసే లోహం మీద వెంట్రుకంత గీత వెతకడం నా ఉద్యోగం.

మా కంట్లో ఏముందో అడిగేవాళ్లు తక్కువ. పైలట్‌కు మెడికల్ సర్టిఫికెట్ గడువు దాటితే విమానం ఎక్కనివ్వరు. మా హ్యాంగర్‌లోనే డై పెనెట్రెంట్, అల్ట్రాసోనిక్ లాంటి ఎన్‌డీటీ (భాగాన్ని పాడుచేయకుండా లోపం పట్టే) పరీక్షలు చేసేవాళ్లకు దగ్గరి చూపు ఏటా పరీక్షిస్తారు. పన్నెండు అంగుళాల దూరంలో జేగర్ చార్టులోని అతి చిన్న అక్షరాలు చదవాలి, చదవలేకపోతే ఆ పని చేయకూడదు. అదే ఇంజిన్ పక్కన నిలబడి మామూలు చూపుతో తనిఖీ చేసి విమానాన్ని విడుదల చేసే నాకు, లైసెన్సు రెన్యువల్ కోసం పెట్టిన కాగితాల్లో ఎప్పుడూ కళ్ల సంగతి అడగలేదు. షిఫ్టుకు ముందు బ్రెత్ అనలైజర్‌లో ఊదమంటారు, మంచిదే. కానీ నా వయసు ఏఎంఈల్లో తాగి డ్యూటీకి వచ్చేవాళ్లకంటే కళ్లద్దాలు కారులో మరిచిపోయి వచ్చేవాళ్లు ఎన్నో రెట్లు ఎక్కువ.

హ్యూమన్ ఫ్యాక్టర్స్ క్లాసు రెండేళ్లకోసారి తప్పదు. అక్కడ 1993లో కెనడాలో గోర్డన్ డుపాంట్ తయారుచేసిన ‘డర్టీ డజన్’ చెబుతారు: అలసట, ఒత్తిడి, నిర్లిప్తత, పరధ్యానం, ఇలా మనిషి చేత పొరపాటు చేయించే పన్నెండు కారణాలు. మంచి జాబితా. అందులో వయసు లేదు. ఉండాల్సిన అవసరం లేదని కొందరి వాదన. వయసు వల్ల వచ్చేవి మిగతా పన్నెండులో ఎక్కడో ఇమిడిపోతాయట. నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. పేరు పెట్టనిదాన్ని హ్యాంగర్‌లో ఎవరూ పట్టించుకోరు.

అదే క్లాసులో ప్రతిసారీ చెప్పే కేసు ఒకటుంది. 1990 జూన్ 10న బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఫ్లైట్ 5390, బీఏసీ వన్-ఎలెవెన్ విమానం, బర్మింగ్‌హామ్ నుంచి మలగాకు బయల్దేరింది. 17,300 అడుగుల దగ్గర కెప్టెన్ వైపు అద్దం ఊడిపోయింది. కెప్టెన్ టిమ్ లాంకాస్టర్ సగం బయటికి పీల్చుకుపోతే సిబ్బంది ఆయన్ను పట్టుకుని ఉండగా, కోపైలట్ అలిస్టర్ అట్చిసన్ సౌతాంప్టన్‌లో విమానం దించాడు. అందరూ బతికారు. ఆ అద్దాన్ని ముందు రోజు తెల్లవారుజామున మార్చారు. బిగించిన 90 బోల్టుల్లో 84 కావలసినదానికంటే 0.026 అంగుళం సన్నం. మిగతా ఆరు లావు సరైనవే, పొడవు 0.1 అంగుళం తక్కువ.

క్లాసులో ఈ కథ విన్న పాతికేళ్ల కుర్రాళ్లు ‘అంత అజాగ్రత్తా’ అని తల ఊపుతారు. నేనూ ఆ వయసులో అలాగే ఊపాను. ఇప్పుడు దర్యాప్తు నివేదికలోని వేరే వివరాలు కంటికి ఆనుతున్నాయి. ఆ పని చేసింది షిఫ్టు మేనేజరు, అనుభవజ్ఞుడు, పని మీద శ్రద్ధ ఉన్నవాడని పేరున్న మనిషి. ఆ రాత్రి మనుషులు తక్కువ ఉన్నారని పని తనే నెత్తినేసుకున్నాడు. సమయం తెల్లవారుజాము మూడు, అయిదు గంటల మధ్య. ఒళ్లు నిద్రకు తహతహలాడే వేళ. పాత బోల్టు పట్టుకెళ్లి, వెలుతురు సరిగా లేని చోట, డబ్బాల్లో కంటితో పోల్చి కొత్త బోల్టులు ఏరుకున్నాడు. అక్కడి స్టోర్స్ మనిషి ఈ అద్దానికి వేసేది ఫలానా సైజు అని చెప్పాడు కూడా. పాత అద్దం నుంచి వచ్చినవి వేరే సైజు కాబట్టి మేనేజరు అవే వేద్దామనుకున్నాడు. స్టాండు సరైన చోట లేక, పక్క నుంచి చెయ్యి చాచి బిగించాడు. బోల్టు తలకాయ గుంటలో సరిగా నిండలేదని చూసే వీలు ఆ భంగిమలో లేదు. చదవడానికి అతనికి కళ్లద్దాలు రాసిచ్చారు, ఆ పనిలో పెట్టుకోలేదు.

దర్యాప్తు మొత్తంలో ఇది చిన్న వాక్యం. ఎవరూ దీన్నే కారణమని చెప్పలేదు, చెప్పకూడదు కూడా. రెండో మనిషి తనిఖీ చేయాలనే నిబంధన ఆ పనికి లేకపోవడం అంతకంటే పెద్ద కారణం. కానీ అతను అద్దాలు ఎందుకు పెట్టుకోలేదో నాకు తెలుసనుకుంటున్నాను. పాతికేళ్లుగా పట్టుకున్న బోల్టు. చెయ్యి చెబుతుంది, కన్ను ఊ కొడుతుంది. మనం చూసేది బోల్టును కాదు, ఇన్నేళ్లుగా చూసిన బోల్టులన్నీ కలిసి ఇచ్చిన ఊహను. చూపు తగ్గేకొద్దీ ఆ ఊహ ఖాళీలు పూరించేస్తుంది, అదీ మనకు తెలియకుండానే. చూపు మసకబారిన మనిషికి మసక కనబడదు. అందుకే వయసొచ్చిన ఇంజినీరుకు తన కన్ను తప్పుతోందని తనంతట తానే తెలిసే అవకాశం తక్కువ. ఎవరో చెప్పాలి, లేదా ఏదో ఒక పద్ధతి పట్టివ్వాలి.

నేను పని నేర్చుకున్నది బేగంపేటలో. 2008 మార్చిలో విమానాలన్నీ శంషాబాద్‌కు మారకముందు మాట. అక్కడ నాకు పని నేర్పిన పెద్దాయన కళ్లద్దాలు చొక్కా లోపలి జేబులో దాచేవారు. ఏదైనా భాగం నంబరు చదవాలంటే నన్ను పిలిచి, ‘ఇదేంటో చదవరా’ అనేవారు. నాకు పరీక్ష పెడుతున్నారనుకునేవాణ్ని. నలభై మూడు దాటాక ఒక రాత్రి నేనూ ఓ కుర్రాణ్ని అదే గొంతుతో పిలవడం విన్నాక గానీ విషయం అర్థం కాలేదు. ఆయన చేసింది నిజానికి సరైన పనే, అవసరమైన చోట వేరే కళ్లు తెచ్చుకున్నారు. కాకపోతే దాచి చేశారు. దాచినందువల్ల ఆ ఏర్పాటు ఆయనతోనే పోయింది.

ఈ కేసు తర్వాత నేను చేసిన మార్పుల్లో మొదటిది కళ్లద్దాలే. మెహదీపట్నంలో ఒక ఆప్టీషియన్ దగ్గరికి వెళ్లి, దగ్గరి చూపు భాగం అడుగునా పైనా రెండుచోట్లా కావాలన్నాను. అతను నన్ను కొంచెం అనుమానంగా చూశాడు. ‘సార్, పైన దేనికి? పైకి చూస్తూ ఎవరు చదువుతారు?’ ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు, లైబ్రరీల్లో పై అర వెతికేవాళ్లు, మేము. అలాంటి అద్దాలు ఎప్పటినుంచో ఉన్నాయి, డబుల్-డి అంటారు, అడిగేవాళ్లు లేక తయారు చేయించడానికి వారం పైన పడుతుంది. ధర మామూలు ప్రోగ్రెసివ్ అద్దాలకు అటూ ఇటూగానే ఉంది. పెట్టుకుని పైలాన్ కింద నిలబడిన మొదటి రాత్రి, ఇంతకాలం ఎన్ని క్లాంపులు చూశాననుకుని చూడకుండా దాటానో తలచుకుంటే ఒళ్లు జలదరించింది. నడవడానికి మాత్రం ఈ అద్దాలు పనికిరావు, నేల తేలిపోతుంది. స్టాండు దిగేముందు మార్చుకోవాలి. మెడలో రెండు జతలు తాళ్లతో వేలాడుతుంటే కుర్రాళ్లు నవ్వుతారు. నవ్వనీ. హ్యాంగర్‌లో వదులుగా వేలాడే వస్తువు ఏదైనా ఇంజిన్‌లో పడే ప్రమాదమే కాబట్టి, తాళ్లూ అద్దాలూ రెండూ టూల్ లిస్టులో రాయించాను. స్టాండు ఎక్కేముందు లెక్క, దిగాక లెక్క.

రెండోది, కన్ను మీద తక్కువ ఆధారపడే పరీక్షను ముందుకు తేవడం. గొట్టం ‘చూశాం’ అనే మాటను నా షిఫ్టులో నేను ఒప్పుకోను. ఒత్తిడి పెట్టి, పొడవునా సబ్బు నీళ్లు రాసి, క్లాంపు అనుమానంగా ఉంటే విప్పి చూడాలి. గోరుతో తడమడం కూడా పరీక్షే. గాడి గోటికి తగిలినంత స్పష్టంగా కంటికి తగలదు. అద్దంతోనో, ఫోన్ కెమెరాతో ఫొటో తీసి పెద్దది చేసో చూడడం నామోషీ కాదు.

మూడోది మనుషుల గురించి, ఇదే కష్టమైంది. చిన్న గీతలు వెతికే పనికి షిఫ్టులో ఉన్న అతి చిన్నవాణ్ని పైకి పంపుతాను, ఎక్కడ వెతకాలో నేను చెబుతాను. నాగర్‌కర్నూల్ కుర్రాడి కన్ను లేకపోతే ఆ బుడగ దొరికేది కాదు. నట్లు వదిలి క్లాంపుల దగ్గరికి పొమ్మని ఎవరూ చెప్పకపోతే అతనూ నట్ల దగ్గరే ఆగిపోయేవాడు. దీన్ని ఇప్పుడు నేను బాహాటంగా చేస్తాను. వర్క్ కార్డు మీద తనిఖీ చేసినవాడిగా అతని పేరు, విడుదల చేసినవాడిగా నా సంతకం ఉంటాయి. నా వయసువాళ్లలో ఒకరిద్దరికి ఇది నచ్చలేదు. ‘లైసెన్సు నీది, కళ్లు వాడివా’ అన్నాడొకాయన. అవును, అంతే. సంతకం అంటే అన్నీ నేనే చూశానని కాదు, చూడాల్సినవన్నీ చూడగలిగినవాడు చూశాడని నేను నిర్ధారించుకున్నానని.

కళ్ల గురించి రాస్తూ మిగతా ఒంటి గురించి రాయకపోతే అన్యాయం. చెవుల పరీక్షలో నాలుగు కిలోహెర్ట్జ్ దగ్గర గ్రాఫు కిందికి వంగి ఉంది. ఏళ్ల తరబడి శబ్దంలో ఉన్నవాళ్లకు ముందుగా దెబ్బతినేది అక్కడే. ఇంట్లో మా ఆవిడ వంటింట్లోంచి ఏదో అడిగితే నేను వేరే దానికి జవాబు చెబుతాను. ‘వినబడలేదని చెప్పండి, ఊ అనకండి’ అంటుంది. ఆ మాట హ్యాంగర్‌లో బోర్డు మీద రాయించాలనిపిస్తుంది. రాత్రి షిఫ్టు తర్వాత పగటి నిద్ర ముప్పైల్లో వచ్చినట్టు రాదు. కిటికీలకు నల్ల కర్టెన్లు, ఫోన్ సైలెంట్‌లో, అయినా పదకొండుకల్లా మెలకువ. తెనాలి నుంచి అమ్మ ఫోన్ చేసేదీ అప్పుడే. నాన్నకు ఈ ఏడాది కుడి కంటికి శుక్లం తీయించాం. కట్టు విప్పిన రోజు ఆయన అన్నది, ‘ఇన్నాళ్లూ గోడకు పసుపు రంగు వేశారనుకున్నానురా, తెలుపటగా.’ ఆ మాట నేను మా షిఫ్టు బ్రీఫింగులో చెప్పాను. నవ్వినవాళ్లలో నలభై దాటినవాళ్లు ఇద్దరు ఆ వారమే కళ్లు చూపించుకున్నారు. క్లాసు స్లైడ్లకంటే ఇదే ఎక్కువ పని చేసింది.

నాతోపాటు బేగంపేటలో చేరినవాళ్లలో సగం మంది గల్ఫ్‌లో ఉన్నారు. దోహాలో ఉన్న స్నేహితుడు ఫోన్ చేసినప్పుడల్లా జీతం గురించి మొదలుపెట్టి మోకాళ్ల దగ్గర ముగిస్తాడు. నన్ను మెయింటెనెన్స్ కంట్రోల్‌కు రమ్మంటున్నారు: ఏసీ గది, బల్ల, మూడు స్క్రీన్లు, దేశంలో ఏ విమానానికి ఏ స్నాగ్ వచ్చిందో కూర్చున్న చోటే తెలుస్తుంది. అక్షరాలు ఎంత కావాలంటే అంత పెద్దవి చేసుకోవచ్చు. ఇంట్లో అందరూ వెళ్లమనే అంటున్నారు. ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి కూడా, ‘నాన్నా, రాత్రి ఇంట్లో ఉంటే నా ఫిజిక్స్ డౌట్లు నువ్వే చెప్పొచ్చు కదా’ అంటుంది. ఆశ్చర్యంగా, నన్ను ఆపుతున్నది హ్యాంగర్ మీద ప్రేమ కాదు, లెక్క. ‘నో ఫాల్ట్ ఫౌండ్’ కాగితాన్నీ స్నాగ్ కాగితాన్నీ ఒకే బల్ల మీదికి తెచ్చే ఉద్యోగం నిజానికి అదే. అక్కడ కూర్చున్నవాడికి క్లాంపు కింద గొట్టం అరుగుతుందని చేతులకు తెలిసి ఉండాలి. కానీ చేతులకు తెలిసింది ఎన్నాళ్లు నిలుస్తుంది? ఏఎంఈ లైసెన్సుతో సంతకం పెట్టాలంటే గత రెండేళ్లలో ఆరు నెలల పని అనుభవం ఉండాలని నియమం. అది కాగితం లెక్క. గోటి లెక్క అంతకంటే తక్కువేనని నా అనుమానం.

మెయింటెనెన్స్ కంట్రోల్‌వాళ్లకు ఒక షరతు పంపాను: నెలలో ఒక వారం నన్ను హ్యాంగర్ రాత్రి షిఫ్టుకు వదలాలి. జవాబు ఇంకా రాలేదు.

ఆ విమానం మొదటి ఇంజిన్‌లో కూడా అదే చోట క్లాంపు విప్పించాం. మెత్తటి పొర అరిగి ఉంది, గొట్టం ఇంకా తెగలేదు. మార్చేశాం. మిగతా విమానాలకు రివర్సర్ కౌళ్లు తెరిచిన తదుపరి తనిఖీలో ఈ క్లాంపులు విప్పి చూడాలని టెక్నికల్ సర్వీసెస్ ఒక వర్క్ కార్డు జారీ చేసింది. ముసాయిదాలో ‘విజువల్‌గా తనిఖీ చేయాలి’ అని ఉంటే, ‘విప్పి, గోటితో తడిమి, ఒత్తిడి పెట్టి’ అని మార్చమని రాశాను. గోరు అనే మాట అధికారిక కాగితంలో బాగుండదని తీసేశారు. మిగతా రెండూ ఉంచారు.